మోక దారిలో బ్యాక్‌రెస్టు

మా ఇంట్లో ఏ వస్తువైనా కొనాలంటే ముందు అది లేకుండా ఎలా బతకొచ్చో చర్చిస్తాం. ఆ చర్చలో ఎప్పుడూ మేమే గెలుస్తాం, వస్తువు ఓడిపోతుంది. ఫ్రిజ్ అలా చాలా ఎండాకాలాలు ఓడిపోయింది. మిక్సీ గుమ్మం దాకా వచ్చి, రోలు ఇంకా బాగానే ఉందన్న కారణంతో వెనక్కి పోయింది. అందుకని మోటార్‌సైకిల్‌కి వెనక బిగించే బ్యాక్‌రెస్టు కొందామని అన్నప్పుడు నాకు పెద్ద ఆశలేమీ లేవు. కానీ ఈసారి గడువు పెట్టింది మేము కాదు, అమ్మ నడుము.

మాది బళ్ళారికి అవతల మోక అనే ఊరు. నాయన ట్రాక్టరు బాడుగకు తోలుతాడు. నేను బళ్ళారిలో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కూర్చుని, మా లారీ ఎక్కడుందని ఫోన్ చేసినవాళ్ళకు "దగ్గర్లోనే ఉందండీ" అని చెప్పే ఉద్యోగం చేస్తాను. అమ్మ జీన్స్ ప్యాంట్లు కుడుతుంది. బళ్ళారిలో కత్తిరించిన ముక్కలు మూటలుగా మా ఇంటికి వస్తాయి, ప్యాంట్లుగా తిరిగి వెళ్తాయి. ఆ తర్వాత ఎవరి కాళ్ళకెక్కుతాయో మాకు తెలియదు. టీవీలో ఎవరైనా జీన్స్ వేసుకుని గంతులేస్తుంటే అమ్మ వాళ్ళ మొహం చూడదు. బెల్టు లూపు చూస్తుంది. "అది మనది కాదులే. మనదైతే అట్లా ఊగదు" అని తేల్చేస్తుంది.

ఇన్నేళ్ళు కిటికీ కింద మిషన్ ముందు వంగి కూర్చున్నందుకు నడుము ఒకరోజు ఎదురు తిరిగింది. బళ్ళారి డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టి చూసి, "సాకమ్మా, ఇంక మిషన్ సాకు" అన్నాడు. చాలు అని అర్థం. అమ్మ "ఎన్ని దినాలు సార్?" అంది. "దినాలు కాదు, ఇంకెప్పటికీ" అన్నాడాయన. అమ్మ కళ్ళు తుడుచుకుంది. నాయన కిటికీలోంచి బయటికి చూశాడు. ఆయన ఏడవడమంటే అదే. బయట ఒక ఆటో తప్ప చూడదగ్గదేమీ లేదు కాబట్టి గట్టిగానే ఏడుస్తున్నాడని నాకు అర్థమైంది.

అదే సమయంలో, మూటలు పంపే యూనిట్ ఓనరమ్మ ఫోన్ చేసింది. కొత్తగా చేరిన ఆడపిల్లలు సూదులు విరుస్తున్నారట. జేబులు తలకిందులుగా కుడుతున్నారట. అమ్మ రోజూ వచ్చి వాళ్ళకు నేర్పితే నెల జీతం ఇస్తానంది. కూర్చునే పని లేదు. వరుసల మధ్య తిరగాలి, చూడాలి, తప్పు చేస్తే చెప్పాలి.

అమ్మ ఫోన్ పెట్టేసి, నమ్మలేనట్టు మా ఇద్దరినీ చూసింది. "తప్పులు పట్టేకి జీతమిస్తారంటప్పా."

నాయన అన్నాడు: "ఇంట్లో ఉత్తగానే పడతాండావు గదా ఇన్నాళ్ళూ."

అమ్మ నవ్వింది. ఎక్స్‌రే తర్వాత అదే మొదటి నవ్వు. దానికోసం నాయన ఇంకో నాలుగు మాటలు పడటానికైనా సిద్ధంగా ఉన్నాడని మొహం చూస్తే తెలిసింది. డాక్టరుని అడిగితే, తిరిగే పని నడుముకు మంచిదేనన్నాడు. చిక్కల్లా ఆ మంచి పని దగ్గరికి పోయే దారితోనే. ఓనరమ్మ ఒకటో తారీకు నుంచి రమ్మంది. రాలేకపోతే బళ్ళారి కౌల్ బజార్‌లో ఇంకొకామె ఉందని కూడా చాలా మర్యాదగా చెప్పింది.

ముందు బస్సులో పంపి చూశాం. మా మోక బస్సులో సీటు దొరకదు. దొరికితే అది వెనక చక్రం మీదిది. ఆ సీట్లో కూర్చున్నవాళ్ళు బళ్ళారి చేరేలోపు రోడ్డులో ఉన్న ప్రతి గుంతను వ్యక్తిగతంగా పరిచయం చేసుకుంటారు. అమ్మ వెళ్ళింది, వచ్చింది, "బాగానే ఉండాదప్పా" అంది. మరుసటి రోజు పొద్దున మంచం మీది నుంచి లేవలేకపోయింది. నేను లేపబోతే "ఆగప్పా, ఆగప్పా" అని గోడ పట్టుకుంది. ఆ పొద్దున మా ఇంట్లో ఎవరూ జోకు వెయ్యలేదు. నేను కూడా.

మిగిలింది నా బండి. నేను ఎలాగూ రోజూ పొద్దున బళ్ళారికే పోతాను. డాక్టరుకు మళ్ళీ ఫోన్ చేశాను. "మెల్లగా పోతే పర్వాలేదు. కానీ వెనక వీపుకు ఏదైనా సపోర్టు ఉండాలి" అన్నాడాయన. ఆ రాత్రి ఫోన్లో వెతికితే బ్యాక్‌రెస్టు దొరికింది. నల్లటి దిండు, దానికి స్టీలు కాళ్ళు, పక్కన ఒక గుండ్రటి నాబ్. నాబ్ వదులు చేస్తే పైకి, కిందికి, ముందుకు, వెనక్కి జరుగుతుంది. దాన్ని మెచ్చుకుంటూ వీడియోలు పెట్టినవాళ్ళందరూ మంచు కొండల్లో తిరుగుతున్నారు. మోక దారి గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ మంచు కొండలకన్నా మా హగరి ఏటి వంతెన అవతలి గుంతలే కష్టమని నా నమ్మకం. కానీ వాళ్ళకు ఆ సంగతి చెప్పి బాధపెట్టడం ఎందుకు?

ధర విన్నాక నాయన ఫోన్ తీసుకుని బొమ్మను దగ్గరగా పెట్టుకుని చూశాడు. "దిండుకా?" అన్నాడు చివరికి.

"దిండు, కడ్డీలు, నాబ్, అన్నీ కలిపి నాయనా."

"ఆ దుడ్డుకి ట్రాక్టరు సీటే వస్తాదిరా."

"ట్రాక్టరు సీటు బండికి బిగిస్తే నేను యాడ కూచోవల్ల?"

"నువ్వు నడుచుకుంటా రా."

ఇలా చర్చ మొదలైంది. మా ఆచారం ప్రకారం, అది లేకుండా ఎలా బతకొచ్చో నాయన మరుసటి ఆదివారమే కనిపెట్టాడు. జీన్స్ కత్తిరింపుల్లో మిగిలిన పీలికలన్నీ ఒక యూరియా సంచిలో గట్టిగా కూరి, మూతి కుట్టి, బండి వెనక నిలబెట్టి ట్రాక్టరు తాడుతో కట్టాడు. చూడటానికి బండి మీద ఇంకో మనిషి కూర్చున్నట్టే ఉంది, తల తప్ప. "దీనికి నాబ్ గూడా అవసరం లేదు. యా పక్కకి నూకితే ఆ పక్కకి వస్తాది" అన్నాడు గర్వంగా.

అమ్మను ఎక్కించే ముందు పరీక్ష చేయాలి కదా. నాయన నడిపాడు, నేను వెనక కూర్చుని సంచికి ఆనుకున్నాను. మొదటి స్పీడ్ బ్రేకరు దాకా అది నిజంగా సుఖంగానే ఉంది. స్పీడ్ బ్రేకరు దగ్గర సంచి ఒక నిర్ణయానికి వచ్చి ఎడమ పక్కకు దిగిపోయింది. దాన్ని నమ్ముకున్న నేను కూడా. హోటలు ముందు టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు పట్టుకునే లేచి నిలబడ్డారు. నాకు మోచెయ్యి చీరుకుపోయింది, అంతే. నాయన మాత్రం చాలా దూరం పోయాక వెనక్కి తిరిగి చూశాడు. బండి తేలికైందని సంతోషించాడట.

ఇంటికొచ్చాక నా మోచేతికి పసుపు పెడుతూ అమ్మ తేల్చేసింది. "ఇంక సాకు. సంచీలొద్దు, అంగట్లో దిండ్లూ వద్దు. అంత దుడ్డు పెట్టేకి నా నడుమంత బాళదప్పా. ఆ కౌల్ బజార్ ఆమెనే పిలుచుకోనీ."

బాళడమంటే విలువ చేయడం. తన నడుము ఆ ధర చేయదంటోంది. ఇలాంటి మాట సినిమాలో అయితే ఇక్కడ వయొలిన్ వస్తుంది. మా ఇంట్లో కుక్కరు విజిల్ వచ్చింది.

"మా, ప్యాంటైతే బాళదంటే ఇంకోటి కుట్టుకుంటాం. నడుముకి రెండో పీసు యాడ దొరుకుతాది?" అన్నాను.

అమ్మ లేచింది. పసుపు గిన్నె పట్టుకుని లోపలికి పోయింది. మిషన్ మీద కప్పిన గుడ్డను సర్దుతున్న చప్పుడు వినబడింది. అది ముందే సర్ది ఉంది. నాయన కొంచెంసేపు ఆ చప్పుడు విని, లేచి, కొక్కేనికి తగిలించిన చొక్కా తొడుక్కున్నాడు. "బండి తియ్యి" అన్నాడు. మా ఇంటి చరిత్రలో చర్చ అంత తొందరగా ముగియడం నేను చూడలేదు.

బళ్ళారిలో బండి సామాన్ల అంగడి ఆయన మమ్మల్ని చూడగానే బేరమాడే రకమని పసిగట్టాడు. "భాయ్, ఇది చైనా మాల్ కాదు. బరాబర్ చూసుకోండి. ఫుల్ అడ్జస్టబుల్" అని నాబ్ తిప్పి దిండును పైకి లాగి చూపించాడు.

"యా మాదిరి అడ్జస్టు అవుతాదప్పా?" అన్నాడు నాయన.

"మీరు ఎట్లంటే అట్ల."

"ధర గూడా అట్ల జరుగుతాదా?"

అంగడి ఆయన నవ్వాడు. కానీ ధరకు నాబ్ లేదని తేలింది. చాలాసేపు తిప్పితే కొద్దిగా కిందికి దిగి, అక్కడ బిగుసుకుపోయింది. అక్కడే బండికి బిగించి చూపించాడు. నాయన ఎక్కి కూర్చున్నాడు. ఆనుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. కొంచెం వెనక్కి జరపమన్నాడు, కొంచెం పైకి లేపమన్నాడు. ఆయన దిగేట్టు లేడని నేను దింపి, నేను కూర్చున్నాను. నిజంగానే బాగుంది. పుట్టినప్పటి నుంచి బండి మీద వీపు గాల్లో పెట్టుకుని తిరుగుతున్నామే అనిపించింది.

"లేడీస్‌కి ఇంకా బాగుంటాది భాయ్" అన్నాడు అంగడి ఆయన. ఆయన ఏ లేడీస్‌ని కూర్చోబెట్టి చూశాడో మేము అడగలేదు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ పళ్ళెంలో పసుపు, కుంకుమ, నిమ్మకాయ పెట్టుకుని నిలబడి ఉంది. వద్దన్న మనిషే. బ్యాక్‌రెస్టుకు మూడు వేళ్ళతో కుంకుమ పెట్టింది, చక్రం కింద నిమ్మకాయ పెట్టింది. పక్కింటి పెద్దమ్మ కూడా వచ్చి దిండును గిల్లి చూసింది. నేను బండి స్టార్ట్ చేసి, నిమ్మకాయను తొక్కించి, "ఎక్కుమా" అన్నాను.

అమ్మ చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, ఇన్నేళ్ళుగా ఎలా ఎక్కుతుందో అలాగే ఎక్కింది. రెండు కాళ్ళూ ఎడమ పక్కకు వేసి, కుడిచెయ్యి నా భుజం మీద పెట్టి.

బ్యాక్‌రెస్టు నేరుగా ఆమె ఎడమ చంకలోకి పోయింది.

బండి డుగుడుగుమంటోంది. అమ్మ వీపు వెనక ఎప్పట్లాగే గాలి ఉంది. ఆ గాలికి అవతల మా ప్రహరీ గోడ ఉంది. అంత ధర పోసి కొన్న దిండు పక్కన నిలబడి, దారి తప్పి వచ్చిన చుట్టంలా చూస్తోంది.

"నడుముకని చెప్పి చంకకి తెచ్చినారే" అంది అమ్మ.

నాయనా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అంగట్లో ఇద్దరం ఎక్కాం, ఇద్దరం ఆనుకున్నాం, ఇద్దరం మగవాళ్ళలా కూర్చున్నాం. ఎవరి నడుము కోసం కొంటున్నామో ఆ నడుము బండి మీద ఏ దిక్కుకు తిరిగి ఉంటుందో ఇద్దరికీ తట్టలేదు. అమ్మను వెనక కూర్చోబెట్టుకుని పెళ్ళినాటి నుంచి తిరిగినవాడు నాయన. బండి నేర్చినప్పటి నుంచి తిరిగినవాణ్ణి నేను. మేమిద్దరం ముందుకే చూస్తూ నడిపాం.

"నాబ్ తిప్పరా" అన్నాడు నాయన.

తిప్పాను. చంకలోంచి భుజానికి వచ్చింది. ఇంకొంచెం తిప్పితే మోచేతికి వచ్చింది. ఫుల్ అడ్జస్టబులే, సందేహం లేదు. వీపు దగ్గరికి తప్ప అన్నిచోట్లకూ జరిగింది.

"కుడి పక్కన వెల్డింగ్ చేయిస్తే?" అన్నాడు నాయన. "అప్పుడు కరెక్టుగా ఈపుకి వస్తాది."

"వస్తాది నాయనా. ఓవర్‌టేక్ చేసే లారీకి గూడా కరెక్టుగా తగులుతాది."

మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ అంగడికి పోయి అడిగాను. ఒకసారి బిగించింది వెనక్కి తీసుకోనన్నాడు. దాని మీద కుంకుమ చూసి మరీ తీసుకోనన్నాడు. "మేడంని టూ సైడ్ కూచోమని చెప్పండి భాయ్, ప్రాబ్లమే లేదు" అన్నాడు. ఆయన దృష్టిలో ప్రపంచంలో ఏ ప్రాబ్లమూ లేదు.

ఇంటికొచ్చి అదే మాట అమ్మకు చెప్పాను. అటొక కాలు, ఇటొక కాలు వేసి కూర్చుంటే వీపు నేరుగా దిండుకు ఆనుతుంది. అమ్మకంటే ముందు గోడ అవతలి నుంచి పెద్దమ్మ మాట్లాడింది. మా గోడ పొట్టిది, పెద్దమ్మ చెవులు పొడుగువి.

"ఏందప్పా నువ్వు చెప్పేది? చీర కట్టుకోని కాళ్ళు ఆ పక్కొకటీ ఈ పక్కొకటీ ఏసుకోని, మోకలో నుంచి పోతాదా మీయమ్మ? ఈ వయసులో?"

"వయసు అయిందనే గద పెద్దమ్మా నడుము పట్టింది. వయసులో ఉంటే ఎట్ల కూచున్యా ఏమీ కాదు."

"చూసేవాళ్ళు ఏమంటారు?"

"చూసేవాళ్ళు బస్సులో ఉంటారు పెద్దమ్మా. వాళ్ళకే సీటు దొరకలేదని బాధ ఉంటాది."

పెద్దమ్మ నవ్వింది కానీ తల అడ్డంగానే ఊపింది. అమ్మ నవ్వలేదు. చీరను మోకాళ్ళ దాకా ఎగదోసుకుని ఊరి మధ్యలోంచి పోవడం ఆమె వల్ల కాదని నాకు తెలుసు. చూసేవాళ్ళకన్నా ముందు ఆమెకే ఇష్టముండదు. చుడీదార్ వేసుకోమని నాయన మెల్లగా అన్నాడు. "అది వేసుకుంటే నాకు నేనే వేరే ఎవరి మాదిరో కనిపిస్తా" అంది. ఒకటో తారీకు దగ్గరపడుతోంది. ఓనరమ్మ మళ్ళీ ఫోన్ చేస్తే అమ్మ "చెప్తానమ్మా, రేపు చెప్తా" అంది. బ్యాక్‌రెస్టు ఉన్నందుకు ఆ మధ్య ఉపయోగం ఒక్కటే. నాయన తువ్వాలు ఆరేసుకున్నాడు.

రెండు రోజుల తర్వాత నేను ఇంటికి వచ్చేసరికి లోపల మిషన్ చప్పుడు. నాకు కోపం వచ్చింది. నాకు కోపం వస్తే ఎవరికీ తెలియదు, ఎప్పట్లాగే మాట్లాడుతున్నాననుకుంటారు. ఈసారి తెలిసేట్టే అరిచాను. "డాక్టరు వద్దన్నాడు గదమ్మా! మళ్ళీ ఎవరి మూట తెప్పించినావు?"

"ఎవురిదీ లేదు. అరవాకు. ఒకటే ప్యాంటు, అయిపొయ్యింది."

"ఒక ప్యాంటు ఎవరికి?"

అమ్మ దారం పళ్ళతో కొరికి, ప్యాంటును రెండు చేతులతో విదిలించి, తన నడుముకు ఆనించి నిలబెట్టుకుంది. ముదురు నీలం జీన్స్. యూనిట్ నుంచి మిగిలి వచ్చిన గుడ్డ. నడుము దగ్గర వెడల్పు పట్టీ, లోపల మెత్తటి అస్తరు, కాళ్ళు వదులుగా. పక్కన మంచం మీద, పాత నూలు చీర కత్తిరించి కుట్టిన పొడుగు అంగీ. మోకాళ్ళు దాటి కిందికి వస్తుంది, పక్కలకు జేబుల దాకా చీలికలు.

"చుడీదార్ నాకు తెలీదు. ఇది తెలుసు" అంది. "ఎవురెవురి కాళ్ళకో ఇన్నేండ్లు కుడితి. నా కాళ్ళేం పాపం చేసినాయి?"

నేను జోకు వెయ్యడం మానేసి ఆ కుట్టు పట్టుకుని చూశాను. అలాంటిది అరుదు కాబట్టి అమ్మ దాన్ని గమనించి, మెల్లగా ఆనందించింది. తర్వాత జేబులు చూపించింది. మగవాళ్ళ ప్యాంటుకు పెట్టేటంత లోతైన జేబులు, ముందు రెండు, వెనక రెండు. ఆడవాళ్ళ ప్యాంట్లకు జేబులు ఉత్తుత్తివే కుట్టమని ఆర్డరు వస్తుందట. ఇన్నేళ్ళూ ఆ ఉత్తుత్తి జేబులు కుట్టి కుట్టి ఆమెకు లోపల ఎంత కోపముందో ఆ జేబులో చెయ్యి పెడితే తెలిసింది. నా చెయ్యి మణికట్టు దాటి పోయింది.

నాయన ట్రాక్టరు పెట్టి లోపలికి వచ్చాడు. అప్పటికి అమ్మ అది తొడుక్కుని, పైన అంగీ వేసుకుని, అద్దం ముందు కాకుండా మిషన్ ముందు నిలబడి ఉంది. మిషన్‌కే చూపిస్తున్నట్టు. నాయన గుమ్మంలో ఆగిపోయాడు. ఆయన పాతకాలపు మనిషి. ఏమంటాడోనని అమ్మ కూడా అంగీ అంచు లాక్కుంటోంది.

నాయన చుట్టూ తిరిగి చూశాడు. "నాకు ఒగటి గూడా ఇట్లాంటిది కుట్టలేదే నువ్వు" అన్నాడు. గొంతులో నిజమైన ఫిర్యాదు ఉంది.

"నువ్వు ఎప్పుడన్నా అడిగితివా?" అంది అమ్మ. పోట్లాట తెలిసిన దారిలో పడ్డాక ఇల్లు కుదుటపడింది. అమ్మ ఓనరమ్మకు ఫోన్ చేసి, ఒకటో తారీకు వస్తున్నానని చెప్పింది.

ఎక్కడం ఇంకో కథ. బ్యాక్‌రెస్టు ఉన్న బండి మీదికి వెనక నుంచి కాలు తిప్పి ఎక్కలేం. నాకూ దిండుకూ మధ్య ఉన్న సందులోంచి కాలు దాటించాలి. ఆ మిగిలిన రోజుల్లో మా అరుగు పక్కన బండి నిలబెట్టి అమ్మ ప్రాక్టీసు చేసింది. అరుగు మీది నుంచైతే సులువు, కాలు మరీ పైకి ఎత్తాల్సిన పని లేదు, అటు పెట్టి కూర్చోవడమే. పెద్దమ్మ గోడ మీద మోచేతులు ఆనించి చూస్తూ, మొదట్లో "అయ్యో, పడతావే" అనేది. తర్వాత్తర్వాత "కుడికాలు ఇంకొంచెం పైకెత్తు" అని చెప్పడం మొదలుపెట్టింది.

ఒకటో తారీకు పొద్దున బయల్దేరాం. బస్టాండ్ దగ్గర మా బస్సు కోసం నిలబడినవాళ్ళందరూ ఒక్కసారి చూశారు. ఎరువుల అంగడి ముందు కూర్చునే పెద్దాయన కేక వేశాడు. "ఏమమ్మో, యుద్ధానికా?"

"ఔనప్పా. వస్తావా?" అంది అమ్మ వెనక నుంచి. బండి ముందుకు పోయింది. నా భుజం మీద ఆమె చెయ్యి గట్టిగా బిగుసుకుని ఉంది. పైకి అంత ధీమాగా మాట్లాడిన మనిషి చెయ్యి అది అని ఎవరూ అనుకోరు. మెల్లగా నడిపాను. ఎంత మెల్లగా అంటే, మిరపకాయల మూటలతో పోతున్న ఎడ్లబండి మమ్మల్ని కొంచెం దూరం వెంబడించింది.

వంతెన దాటాక అమ్మ భుజం తట్టింది. "ఆపప్పా. కొంచెం ముందుకి జరుపు దాన్ని."

దిగాను. తిప్పాను. కొంచెం దూరం పోయాక మళ్ళీ. "ఎక్కువైంది. రవ్వంత ఎనక్కి." మళ్ళీ దిగాను. ఆ పైన "కొంచెం కిందికి". నా ఉద్యోగం బళ్ళారిలో కాదు, ఈ నాబ్ దగ్గరేనేమో అనిపించింది. ఒక చింతచెట్టు పక్కన చివరిసారి బిగించాక, అమ్మ ఆనుకుని చూసి, "ఆ. ఇట్లుండనీ" అంది. ఆ తర్వాత నా భుజం మీది చెయ్యి కొంచెం కొంచెంగా వదులైంది. ఊళ్ళు దాటేకొద్దీ ఇంకా. బళ్ళారి కనబడేసరికి అక్కడ చెయ్యే లేదు. భయపడి అద్దంలో చూశాను. రెండు చేతులూ తన కొత్త జేబుల్లో పెట్టుకుని, వీపు దిండుకు ఆనించి, రోడ్డు పక్క పొలాలను చూస్తోంది. జీవితంలో ఆమె మొదటిసారి బండి ప్రయాణాన్ని ముందువైపుకు తిరిగి చేస్తోందని నాకు అప్పుడు అనిపించింది. వెంటనే స్పీడ్ బ్రేకరు వచ్చి, ఆ ఆలోచనను అక్కడే దింపేసింది.

"చూసి తోలు" అంది వెనక నుంచి. తప్పులు పట్టే ఉద్యోగం మొదలైంది.

యూనిట్ ముందు మెట్ల పక్కన ఆపితే దిగింది. ఓనరమ్మ మొదట గుర్తుపట్టలేదు. తర్వాత అమ్మ చుట్టూ ఒకసారి తిరిగింది, మా నాయన తిరిగినట్టే. లోపల మిషన్ల దగ్గరి ఆడపిల్లలు తలలెత్తి చూశారు. ఒకామె నవ్వాపుకుంటూ "అక్కా, జేబు చాలా పెద్దదుంది" అంది. అమ్మ నేరుగా ఆ పిల్ల దగ్గరికే పోయి, ఆమె కుడుతున్న ప్యాంటు పట్టుకుని చూసి, "నీది తలకిందులుగా ఉండాది" అంది. నేను ఇంక అక్కడ ఉండాల్సిన పని లేదని ఆఫీసుకు పోయాను.

సాయంత్రం తిరుగు దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. ఏ పిల్ల చెయ్యి మంచిది, ఏ పిల్లకు పెడల్ మీద కాలు ఆగదు, ఎవరి సూది ఎన్నిసార్లు విరిగింది. ఇంటికొచ్చి, అరుగు మీదికి దిగి, "బాగానే ఉండాదప్పా" అంది.

ఆ మాట నాకు నచ్చలేదు. బస్సులో పోయి వచ్చిన రోజు కూడా అచ్చం ఇదే మాట అంది. బస్సు బండారం బయటపడింది మరుసటి పొద్దున. బ్యాక్‌రెస్టు ఆ ధర చేస్తుందో లేదో కూడా పొద్దున మంచమే చెప్పాలి. నాయన కూడా అదే అనుకున్నట్టున్నాడు. బ్యాక్‌రెస్టు మీది నుంచి తువ్వాలు తీసి మడిచి పెట్టాడు, మర్యాదగా.

పొద్దున నాకు మెలకువ వచ్చేసరికి అమ్మ మంచం ఖాళీగా ఉంది. గోడ పట్టుకుని వంటింట్లో నిలబడి ఉందేమోనని పోయి చూశాను. లేదు. నాయన టీ గ్లాసుతో గుమ్మంలో కూర్చుని వీధిలోకి చూస్తున్నాడు. కిటికీ బయటికి చూసే చూపు కాదు, మామూలు చూపు.

బయట అమ్మ జీన్స్, అంగీ వేసుకుని, బండి పక్కన నిటారుగా నిలబడి ఉంది. నాబ్‌ను తనే పట్టుకుని తిప్పుతోంది. ఒక గీత వెనక్కి జరిపి, దిండును అరచేత్తో గుద్ది చూసి, ఇంకా నిద్రమొహంతో నిలబడిన నన్ను కింది నుంచి పై దాకా చూసింది.

"ఏమప్పా, నడుము గిడుము పట్టిందా ఏంది? తొందరగా కానీ. ఆడ పిల్లోళ్ళు కాచుకోని ఉంటారు."

నిన్న దారి పొడుగునా భయంతో కట్టెలా బిగుసుకుని నడిపినందుకు నాకు నిజంగానే నడుము పట్టింది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. నడిపేవాడికి కూడా బ్యాక్‌రెస్టు ఒకటి దొరుకుతుందని ఫోన్లో చూశాను. మా ఇంట్లో దాని మీద చర్చ ఇంకా మొదలుపెట్టలేదు. మొహం కడుక్కుని, బండిని అరుగు పక్కకు తెచ్చి నిలబెట్టాను.